మీడియా స్టడీస్ కీ కాన్సెప్ట్స్: నిర్వచనం వస్తోంది, చూపు రావడం లేదు

తరగతి_గది:
తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మీడియా స్టడీస్ చెప్తున్నాను. ఏ సిలబస్ తీసుకున్నా చివరికి నాలుగు విషయాల చుట్టూనే తిరుగుతుంది: మీడియా లాంగ్వేజ్, రిప్రజెంటేషన్, ఇండస్ట్రీ, ఆడియన్స్. ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షలో ఇవే నాలుగు. కెనడాలోని ఒంటారియో 1989లో టీచర్లకు ఇచ్చిన గైడ్‌లో ఎనిమిది కాన్సెప్ట్స్ ఉన్నాయి. వాటిని కూడా దాదాపుగా ఈ నాలుగింటి కింద సర్దేయొచ్చు.

"రిప్రజెంటేషన్ అంటే ఏమిటి?" అని అడిగితే మా పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. ఒక పేపర్ మొదటి పేజీ ముందు పెట్టి "ఇందులో అది ఎక్కడుందో చూపించండి" అంటే మాత్రం ఎవరికీ నోరు పెగలదు. ఈ నాలుగూ అసలు ప్రశ్నలని నా నమ్మకం. దీన్ని ఎలా కట్టారు, ఎవరిని ఎలా చూపించారు, ఎవరి డబ్బుతో చేశారు, చూసినవాళ్లు దాన్ని ఎలా తీసుకున్నారు. ప్రశ్న అడగడం అలవాటైతే నిర్వచనం దానంతటదే వస్తుంది.

మీరైతే దేనితో మొదలుపెడతారు? పిల్లలకు చప్పున పట్టుబడే ఉదాహరణలు ఉంటే చెప్పండి.

డెస్క్_పాతకాపు:
పేపర్ డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి మేడమ్. నన్నడిగితే ఫొటో క్యాప్షన్‌తో మొదలుపెట్టండి.

2005లో కత్రినా హరికేన్ వచ్చి అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ మునిగినప్పుడు రెండు ఫొటోలు బాగా చర్చకొచ్చాయి. రెండింటిలోనూ మనుషులు ఛాతీ లోతు నీళ్లలో నడుస్తున్నారు, చేతుల్లో తిండి సామాన్లున్నాయి. ఒకటి అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థది. అందులో నల్లజాతి కుర్రాడు. కిరాణా దుకాణాన్ని లూటీ చేసి వస్తున్నాడని క్యాప్షన్. రెండోది ఏఎఫ్‌పీ అనే ఫ్రెంచ్ వార్తాసంస్థ ఇచ్చింది. అందులో ఇద్దరు తెల్లవాళ్లు. వాళ్లకు దుకాణం నుంచి బ్రెడ్డు, సోడా "దొరికాయి" అని క్యాప్షన్. ముందు క్యాప్షన్లు కప్పేసి ఫొటోలు చూపించండి, పిల్లల చేతే రాయించండి. ఆ తర్వాత అసలు క్యాప్షన్లు తీసి చూపించండి.

అయితే అక్కడితో ఆపేయకండి, ఆపితే సగం పాఠమే చెప్పినట్టు. మొదటి ఫొటో తీసినాయన, ఆ కుర్రాడు షాపులోకి వెళ్లి సామాను తెచ్చుకోవడం కళ్లారా చూశానన్నాడు. రెండో ఆయన, సామాన్లు నీళ్లలో తేలుతుంటే వాళ్లు తీసుకున్నారన్నాడు. ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు సంస్థలు, ఎవరి క్యాప్షన్‌కు వాళ్ల కారణం ఉంది. కానీ పాఠకుడి ముందు ఆ రెండూ పక్కపక్కన వచ్చి పడ్డాయి. ఏళ్ల తరబడి ఒక రంగు మనుషుల్ని నేర వార్తల్లోనే చూస్తూ వచ్చిన పాఠకుడికి ఆ ఒక్క క్రియాపదం చాలు. రాసినవాడి ఉద్దేశం ఒక సంగతి, అచ్చయ్యాక అది చేసే పని ఇంకో సంగతి. రిప్రజెంటేషన్ పాఠమంతా ఈ రెండింటి మధ్యే ఉందని నా ఉద్దేశం.

పరీక్ష_టెన్షన్:
నమస్తే మేడమ్, నేను పదో తరగతి. డినోటేషన్, కనోటేషన్ తేడా రాయమంటే ప్రతిసారీ "ఎరుపు అంటే ప్రమాదం లేదా ప్రేమ" అని రాస్తున్నాను. సగం మార్కులే వస్తున్నాయి. ఇంకేం రాయాలి?

తరగతి_గది:
రంగుకు ఒక అర్థం అతికించి వదిలేస్తున్నావమ్మా, అందుకే సగం. ఎరుపు ఎప్పుడూ ప్రమాదం కాదు. దాని పక్కన ఏముంది, అది ఏ పేజీలో ఉంది, ఎవరు వేశారు అనేవి కలిస్తేనే అర్థం తేలుతుంది.

ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో విడమరిచి చూపిన ఉదాహరణ చెప్తాను. పారీ మాచ్ అనే ఫ్రెంచ్ వారపత్రిక ముఖచిత్రం. ఫ్రెంచ్ సైనిక దుస్తుల్లో ఒక నల్లజాతి కుర్రాడు కళ్లు పైకెత్తి సెల్యూట్ చేస్తున్నాడు. కంటికి కనిపించేది అంతే, అది డినోటేషన్. ఇక అది చెప్పదలుచుకున్నది కనోటేషన్. అదేంటంటే, ఫ్రాన్స్ గొప్ప సామ్రాజ్యం, రంగుతో పనిలేకుండా దాని బిడ్డలంతా జెండాకు విశ్వాసంగా ఉన్నారు, వలస పాలనలో అణచివేత ఉందనేవాళ్లకు ఈ కుర్రాడే జవాబు. ఆ కాలం గుర్తుపెట్టుకో: ఫ్రాన్స్ వలసల్లో తిరుగుబాట్లు నడుస్తున్న రోజులవి. ఆ సంగతి తెలియకపోతే అది ఒక సెల్యూట్ ఫొటో మాత్రమే. బార్త్ గమనించిన ఇంకో విషయం, ఆ కుర్రాడి చూపు బహుశా జెండా మీద ఉండొచ్చు అంటాడే గానీ, జెండా ఉంది అనడు. కనిపించేదానికీ ఊహించేదానికీ మధ్య గీత అంత జాగ్రత్తగా గీశాడు. జవాబు రాసేటప్పుడు నువ్వు చేయాల్సింది కూడా అదే.

ఎడిటింగ్_టేబుల్:
వీడియో ఎడిటింగ్ నా వృత్తి. ఒంటరి ఫొటో దగ్గరే ఆగిపోకండి, పక్కపక్కన పెట్టడంతో పుట్టే అర్థం కూడా చూపించండి. ఒక నటుడి ముఖం తీసుకుని రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం ఉంది కదా. ఏ భావమూ లేని ఇవాన్ మొజుఖిన్ ముఖం, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక. చూసినవాళ్లు మొదటిదాంట్లో ఆకలిని, రెండోదాంట్లో దుఃఖాన్ని చూశారని చెప్తారు. ముఖం మాత్రం ఒకటే.

దీన్ని ఫోన్లోనే చేయించొచ్చు. ఒక పిల్లవాడి ముఖం నాలుగు సెకన్లు తీయండి, దాని తర్వాత వచ్చే షాట్ ఒక్కో జట్టు ఒక్కోటి పెట్టాలి. మిగతా క్లాసు "వాడు ఏమనుకుంటున్నాడు?" అనేదానికి జవాబు రాయాలి. ఇంటర్వ్యూల్లో మేము రోజూ వాడే కటింగ్ ఇదే. నాయకుడు మాట్లాడుతుంటే ఎదురుగా కూర్చున్నవాడి ముఖం రెండు సెకన్లు వేస్తాం. ఆ ముఖం నిజంగా ఆ మాటకే అలా మారిందా, పది నిమిషాల ముందు మారిందా అన్నది ఇంట్లో చూసేవాళ్లకు తెలిసే దారే లేదు.

పదో_తరగతి_అమ్మ:
చదువుతుంటే భయం వేస్తోందండి. మా అబ్బాయి ఈ సబ్జెక్టు మొదలుపెట్టాక ఇంట్లో ఏ వార్త వచ్చినా "అది కట్టుకథ మమ్మీ, అన్నీ ఎడిటింగే" అంటున్నాడు. తుఫాను హెచ్చరిక వచ్చినా అదే మాట. పిల్లలకు అనుమానం నేర్పిస్తున్నారు సరే, దేన్ని నమ్మాలో ఎవరు నేర్పుతారు? ఏదీ నమ్మని పిల్లవాడికీ అన్నీ నమ్మే పిల్లవాడికీ నాకైతే పెద్ద తేడా కనిపించడం లేదు.

డెస్క్_పాతకాపు:
మంచి ప్రశ్న అమ్మా. "కట్టారు" అంటే "కల్పించారు" అని అర్థం కాదని మొదటి రోజే చెప్పాలి. వాతావరణ శాఖ హెచ్చరికను కూడా ఎవరో రాశారు, ఏ ముక్క ముందు పెట్టాలో నిర్ణయించారు. అలా రాసినంత మాత్రాన తుఫాను లేకుండా పోదు. మేము డెస్క్‌లో రోజంతా ఎంచుతూనే ఉంటాం, కోస్తూనే ఉంటాం. నిజాన్ని జాగ్రత్తగా కట్టడమూ కట్టడమే. ఎలా ఎంచారు, దేన్ని వదిలేశారు, ఎవరిని అడిగి రాశారు అని అడగాలి. ఆ మూడింటికీ జవాబు దొరికే వార్త మీద నమ్మకం పెరగాలి, దొరకనిదాని మీద తగ్గాలి. మీ అబ్బాయికి ఈ రెండో సగం చెప్పమనండి.

లైబ్రరీ_మేడమ్:
దీనికి ఒక పద్ధతి కూడా ఉందండి. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లను, యూనివర్సిటీ విద్యార్థులను, వృత్తిగా ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్లను కూర్చోబెట్టి, తెలియని వెబ్‌సైట్లు ఇచ్చి నమ్మదగినవో కాదో తేల్చమన్నారు. చరిత్రకారులు, విద్యార్థులు చాలామంది అదే సైట్లో ఉండి పైనుంచి కిందికి చదివారు. లోగో బాగుందా, రెఫరెన్సులు ఉన్నాయా అని చూశారు, చాలాసార్లు మోసపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు కాసేపట్లోనే ఆ సైట్ వదిలేసి కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో వెతికారు. తక్కువ చదివి, త్వరగా సరైన జవాబుకు వచ్చారు.

మనం పిల్లలకు "లోతుగా చూడు, ఇంకా లోతుగా చూడు" అని నేర్పుతున్నాం. విశ్లేషణకు అది కావాలి. కానీ నమ్మాలా వద్దా అనే ప్రశ్న వచ్చినప్పుడు పేజీ బయటికి వెళ్లడం నేర్పాలి. ఇవి రెండు వేర్వేరు పనులని నేనైతే బోర్డు మీద రాసి పెడతాను.

కామర్స్_సార్:
ఇండస్ట్రీ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు. క్లాసులో కూడా దీన్ని చివరికి నెట్టేసి, కంపెనీల పేర్లు బట్టీ పట్టిస్తారు. నాకు ఇది మొదట రావాలనిపిస్తుంది, ఎందుకంటే డబ్బు ఎటునుంచి వస్తుందో తెలిస్తే మిగతా మూడూ సులువు.

1833లో న్యూయార్క్‌లో సన్ అనే పేపర్ ఒక సెంటుకు వచ్చింది. అప్పటి పెద్ద పేపర్లు ఆరు సెంట్లు. ఒక్క సెంటుతో ఖర్చులు రావు, ప్రకటనల మీద నిలబడింది. అంటే పేపర్ అమ్మే సరుకు మారిపోయింది. పాఠకుడికి వార్త అమ్మడంతో పాటు, ప్రకటన ఇచ్చేవాడికి పాఠకుణ్ణి అమ్మడం మొదలైంది. దానికి జనం ఎక్కువ కావాలి. కాబట్టి కోర్టుల్లో తగాదాలు, నేరాలు, మామూలు మనుషుల కథలు పేజీలకెక్కాయి. వార్తల ఎంపిక మారడానికి ధర కారణమైంది. ఇప్పుడు డబ్బు కట్టకుండా వాడుకుంటున్న యాప్‌లన్నీ ఆ లెక్క మీదే నడుస్తున్నాయి. డల్లాస్ స్మైత్ అనే మీడియా పరిశోధకుడు 1977లో ఆడియన్సే సరుకు అని సిద్ధాంతీకరించాడు.

యాజమాన్యం చెప్పాలంటే హాలీవుడ్ చాలు. సినిమా తీసేదీ, పంచేదీ, ఆడించే థియేటరూ ఒకే స్టూడియో చేతిలో ఉండేవి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారామౌంట్ కేసులో దీనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, స్టూడియోలు థియేటర్లు వదులుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు సొంతంగా సిరీస్‌లు తీసి సొంత యాప్‌లోనే వేసుకునే కంపెనీల్ని పక్కన పెట్టి, "ఇది అదేనా, కాదా?" అని అడగండి. నేనైతే ఈ ఒక్క ప్రశ్నతో వారం నడుపుతాను.

తరగతి_గది:
సార్, ఉదాహరణలు తీసుకుంటాను, ఆ వరసతో మాత్రం ఒప్పుకోలేను. డబ్బుతో మొదలుపెడితే పిల్లలు ప్రతిదానికీ "డబ్బు కోసమే" అని రాసి ముగిస్తారు. ముందు ఒక పేజీని నిదానంగా చూడటం రావాలి. అందులో ఏదో ఒకటి వింతగా కనిపించాలి. ఇదెందుకిలా ఉందని వాళ్లే అడిగినప్పుడు ఇండస్ట్రీ తీస్తే అతుక్కుంటుంది.

పరీక్ష_టెన్షన్:
మేడమ్, ఆడియన్స్ పాఠంలో వచ్చే సిద్ధాంతకర్త స్టువర్ట్ హాల్ మీద ఇంకో డౌట్. ప్రోగ్రామ్ నచ్చితే డామినెంట్ రీడింగ్, కొంచెం నచ్చితే నెగోషియేటెడ్, నచ్చకపోతే ఆపోజిషనల్. ఇంతే కదా?

తరగతి_గది:
కాదమ్మా. ఈ మాటే చాలా గైడ్లలో ఉంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

హాల్ 1973లో చెప్పినదాని సారం ఇది: తయారుచేసినవాళ్లు ఒక అర్థాన్ని లోపల పెట్టి పంపుతారు, కానీ చూసేవాళ్లు తమ బతుకు, తమ స్థానం బట్టి దాన్ని విప్పుకుంటారు. డామినెంట్ అంటే పంపినవాళ్ల చట్రాన్ని అలాగే తీసుకోవడం. నెగోషియేటెడ్ అంటే మొత్తంగా సరే అంటూ తన విషయం వచ్చేసరికి మినహాయింపు పెట్టుకోవడం. ఆపోజిషనల్ అంటే వాళ్లు చెప్పింది అర్థమయ్యాక, ఆ చట్రాన్నే కాదని ఇంకో చట్రంలో పెట్టి చూడటం. నచ్చడం, నచ్చకపోవడం ఇందులో ఎక్కడా లేదు.

దీన్ని డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు నిజం మనుషుల మీద పరీక్షించాడు. నేషన్‌వైడ్ అనే బీబీసీ సాయంత్రం కార్యక్రమాన్ని 29 బృందాలకు చూపించి మాట్లాడించాడు, ఫలితాలు 1980లో వచ్చాయి. బ్యాంకు మేనేజర్లకు ఆ కార్యక్రమం మాట్లాడే తీరు నచ్చలేదు. ఆర్థిక విషయాలు అది చెప్పిన పద్ధతి మీద మాత్రం వాళ్లకు పేచీ లేదు, అది వాళ్లకు మామూలు మాటే. కార్మిక సంఘం షాప్ స్టివార్డుల, అంటే పనిచోట కార్మికుల తరఫున మాట్లాడే ప్రతినిధుల సంగతి తిరగేసి ఉంది. కార్యక్రమం సరదాగా, జనం భాషలో ఉందని మెచ్చుకున్నారు, కానీ అది చెప్పిన ఆర్థిక రాజకీయాల్ని పూర్తిగా తోసిపుచ్చారు. మరి ఆపోజిషనల్ ఎవరు? మెచ్చుకున్న షాప్ స్టివార్డులే. నచ్చలేదన్న మేనేజర్లది డామినెంట్.

ఇంకో బృందం నల్లజాతి విద్యార్థులది. వాళ్లు వాదించనే లేదు, ఇది మాకు సంబంధించిన కార్యక్రమమే కాదన్నట్టు ఉండిపోయారు. ఆ మౌనానికి హాల్ చెప్పిన మూడు గళ్లలో సరైన చోటు దొరకదు. పరీక్షలో ఈ మాట రాయగలిగితే, నీకు సిద్ధాంతమూ తెలుసు, దాని హద్దూ తెలుసు అని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

ఫీడ్_గమనిక:
ఆడియన్స్ మీద మీడియా ప్రభావం నేరుగా ఉంటుందనడానికి అమెరికాలో 1938లో వచ్చిన రేడియో నాటకం చాలదా? అంగారకుల దాడి అని విని దేశమంతా వీధుల్లోకి పరిగెత్తింది కదా. మీడియా మాట సూదిమందులా నేరుగా ఎక్కుతుందనే ఇంజెక్షన్ సిద్ధాంతాన్ని ఎందుకు కొట్టిపారేస్తారు?

లైబ్రరీ_మేడమ్:
ఆ "దేశమంతా" అన్న మాట దగ్గరే ఆగాలండి. 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ ఆ నాటకం వేశాడు, భయపడినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ రాత్రి 5,000 ఇళ్లకు ఫోన్ చేసిన రేటింగ్ సర్వేలో అది వింటున్నామన్నవాళ్లు 2 శాతమే. దేశవ్యాప్త భయాందోళన అనే చిత్రాన్ని మర్నాటి పేపర్లు పెంచాయి. రేడియో అప్పటికే పేపర్ల ప్రకటనల ఆదాయానికి పోటీగా ఉంది, రేడియో బాధ్యత లేనిదని చూపించడం వాళ్లకు లాభం. రేడియో ప్రభావం గురించి నేర్పడానికి వాడే ఈ ఉదాహరణ నిజానికి పేపర్ల గురించి ఎక్కువ చెప్తుంది. ఇండస్ట్రీ పాఠంలో పెట్టండి, బాగా పనికొస్తుంది.

ప్రభావం లేదని నేననడం లేదు. మెకూంబ్స్, షా అనే పరిశోధకులు 1968 అమెరికా ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే ఊళ్లో 100 మంది, ఎవరికి వేయాలో తేల్చుకోని ఓటర్లను అడిగి చూశారు. మీడియా వేటికి ఎక్కువ చోటిచ్చిందో, వాళ్లూ వాటినే ముఖ్యమన్నారు. ఏమనుకోవాలో చెప్పడం కష్టం గానీ, దేని గురించి అనుకోవాలో చెప్పడం మీడియాకు వచ్చు.

ఫీడ్_గమనిక:
సరే, ఆ ముక్క ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పేవన్నీ పేపర్, రేడియో కాలం ఉదాహరణలు. ఇప్పుడు పిల్లలు చూసే వీడియోలకు ఎడిటర్ లేడు. ఎవరి ఫీడ్ వాళ్లది. ఈ నాలుగు కాన్సెప్ట్స్‌కు ఐదోది కలపాలి.

డెస్క్_పాతకాపు:
ఎడిటర్ లేడనడం సరికాదు బాబూ, పని అలాగే ఉంది, చేసేది మారింది. 1950లో డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు ఒక చిన్న పేపర్ వైర్ ఎడిటర్‌తో, అంటే వార్తాసంస్థలు పంపే వార్తల్లో వేయాల్సినవి ఎంచేవాడితో, వారం పాటు పక్కన పడేసిన ప్రతి వార్త మీద కారణం రాయించి, ఆ ఫలితాలు ప్రచురించాడు. వచ్చినవాటిలో దాదాపు పదిలో తొమ్మిది పడేశాడు. చోటు లేదని కొన్ని, ఆలస్యమైందని కొన్ని, తన ఇష్టాయిష్టాల మీద ఇంకొన్ని. ఇష్టాయిష్టాలు ఉన్నాయి, నిజమే. కానీ అడిగితే కారణం కాగితం మీదికి వచ్చింది. ఎదురుతిరిగి వాదించడానికి ఒక మనిషి ఉన్నాడు.

ఫీడ్‌లో అలా అడగడానికి ఎవరున్నారు? ఒక వీడియో ఎందుకొచ్చిందో, ఇంకోటి ఎందుకు రాలేదో చూసేవాడికి కారణం కనిపించదు. పైగా రానిది రాలేదని కూడా తెలియదు. పేపర్ అయితే పక్కింటివాడు, మీరు ఒకే మొదటి పేజీ చూసేవారు, పోట్లాడుకోవడానికైనా ఒకటే పేజీ ఉండేది. ఐదో కాన్సెప్ట్ అని పేరు పెట్టినా పెట్టకపోయినా, ఈ ఎంపిక పాఠం మాత్రం ప్రతి క్లాసులో ఉండాలి. ఇద్దరు పిల్లలు ఒకే పదం వెతికి, వచ్చిన మొదటి పది వీడియోలు రాసి పోల్చుకుంటే చాలు.

కామర్స్_సార్:
ఎక్కువసేపు చూసేలా చేయడమే ఆ ఎంపిక వెనక పెద్ద లెక్క. ఐదోది అక్కర్లేదు, ఇండస్ట్రీని సరిగ్గా చెప్తే చాలు.

పరీక్ష_టెన్షన్:
ఒక జవాబు రాశాను, చూడండి మేడమ్. పేపర్‌లో వచ్చిన బైక్ ప్రకటన మీద.

"ఈ ప్రకటనలో కింది నుంచి పైకి తీసే లో-యాంగిల్ షాట్ వాడారు. దీనివల్ల బండి శక్తివంతంగా కనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకున్న మగవాడు ఒంటరిగా ఉన్నాడు. ఇది మగవాళ్ల మూసను చూపిస్తుంది. టార్గెట్ ఆడియన్స్ యువకులు. కాబట్టి ఈ ప్రకటన ప్రభావవంతంగా ఉంది."

తరగతి_గది:
బాగుంది, ముందుగా చివరి వాక్యం కొట్టేయి. ప్రభావం ఉందని నీకెలా తెలుసు? ఎన్ని బళ్లు అమ్ముడయ్యాయో నీ దగ్గర లేదు. "ఇలా అనిపించేలా చేయాలని చూశారు" అని రాయి, దాన్ని నువ్వు నిరూపించగలవు.

"యువకులు" అన్నావు, ఆధారం చూపించు. ఆ ప్రకటన ఏ పేజీలో వచ్చింది? ఆటల పేజీలో అయితే ఆ సంగతి రాయి. "మగవాళ్ల మూస" అన్నావు, ఏ మూస? ఒంటరితనాన్ని ఇక్కడ లోటుగా చూపించారా, గొప్పగానా? రోడ్డు మీద ఇంకో బండి లేదు, సిగ్నల్ లేదు, ఎదురుచూసే ఇల్లు లేదు. ఇలా లేనివాటి గురించి నాలుగు మాటలు రాస్తే జవాబు అక్కడే పైకి లేస్తుంది. ఆ బొమ్మలో హెల్మెట్ అద్దం మూసి ఉందా, తెరిచి ఉందా?

పరీక్ష_టెన్షన్:
మూసే ఉంది మేడమ్, నల్లటి అద్దం. ముఖం అసలు కనిపించదు. చూసేవాళ్లు ఎవరైనా ఆ సీటులో తమను ఊహించుకోవాలనేమో. కానీ ఇది మీడియా లాంగ్వేజ్ కింద రాయాలా, రిప్రజెంటేషన్ కిందా, ఆడియన్స్ కిందా?

తరగతి_గది:
మూడింటి కిందా పనికొస్తుంది. అద్దం నల్లగా మూసి ఉందని, ముఖం దాచారని రాస్తే లాంగ్వేజ్. మాట్లాడని, ముఖం చూపించని మగవాడే గట్టివాడని చెప్తున్నారని రాస్తే రిప్రజెంటేషన్. ఆ ఖాళీలో పాఠకుడు తన ముఖం పెట్టుకుంటాడని రాస్తే ఆడియన్స్. పరీక్షలో ఏ కాన్సెప్ట్ అడిగారో ముందు చూసుకుని, ఆ ముక్కను ముందు పెట్టు. అదే బండి మీద ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, అద్దం అలాగే మూసి ఉంచితే ఏం మారుతుందో కూడా ఒక పేరా రాసి ఇక్కడే పెట్టు, చూస్తాను.